ఎనిమిది డిగ్రీల ఎత్తులో: వైను బప్పు కథ

సంక్రాంతి సెలవులకి వెల్గటూర్ వచ్చా. ఊళ్ళో యాసంగి నాట్లు నడుస్తున్నాయి. బాపు పొద్దున పొలానికి పోతే చీకటి పడ్డాకే ఇంటికొస్తున్నాడు. నాకేమో ఒక మినీ ప్రాజెక్ట్ పెండింగ్ ఉంది. టాపిక్ ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్న. 1987లో పేలిన సూపర్‌నోవా ఎంత శక్తితో పేలిందో, టెలిస్కోపులో కనిపించిన వివరాల నుంచి అంచనా వేసే చిన్న పైథాన్ ప్రోగ్రాం.

రాత్రి పదకొండింటికి రన్ చేస్తే జవాబు వచ్చింది. 1 పక్కన 38 సున్నాలు, జౌళ్లలో. అంత పెద్ద నెంబర్ నా స్క్రీన్ మీద ఎప్పుడూ చూడలేదు కాబట్టి రైటే అయ్యుంటుందనుకొని హాయిగా పడుకున్న. తెల్లారి చూస్తే అది ఉండాల్సిన దానికన్నా పది లక్షల రెట్లు తక్కువ! వేగాన్ని సెకనుకు కిలోమీటర్లలో ఇచ్చి, మీటర్లలోకి మార్చడం మర్చిపోయిన. వెయ్యి రెట్ల తప్పు, స్క్వేర్ చేసేసరికి పది లక్షల రెట్లు. ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు. కంప్యూటర్‌కి నక్షత్రం గురించి ఏం తెలుసు పాపం.

ఆ తప్పు దిద్దుకుంటూ, అసలు ఈ పేలుడుని మన దేశం నుంచి ఎవరైనా చూశారా అని వెతికా. చూశారు. తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరు అనే చోటు నుంచి. ఆ అబ్జర్వేటరీ పేరు వైను బప్పు అబ్జర్వేటరీ. ఎవరీ వైను బప్పు అని చూస్తే, ఆయన పెరిగింది హైదరాబాద్‌లో, చదివింది నిజాం కాలేజీలో. ఇన్నేళ్ల ఇంగ్లిష్ మీడియం చదువులో కలాం మీద, కల్పనా చావ్లా మీద ఎన్ని వ్యాసాలు రాసి ఉంటానో లెక్కలేదు. ఈ పేరు మాత్రం ఒక్కసారి కూడా తగల్లేదు. అందుకే ఈసారి మన మ్యాగజైన్‌కి ఈయన గురించి రాస్తున్నా.

ఇంట్లో బాపమ్మకి చెప్తే ఇంకో గోల. మా వైపు నాన్నని బాపు అంటాం కదా, నేను బప్పు, చుక్కలు, టెలిస్కోపు అంటుంటే, పొలం పోయిన మా బాపు గురించే ఏదో చెప్తున్నాననుకొని వాడు చుక్కలెప్పుడు చూసిండు అన్నది. కాదు బాపమ్మా, ఇది వేరే బప్పు అని మొదలుపెట్టి చెప్పాల్సి వచ్చింది. ఆమెకి చెప్పిన వరసలోనే మీకూ చెప్తా.

పూర్తి పేరు మనలి కల్లాట్ వైను బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టాడు. కుటుంబం కేరళలోని తలశ్శేరి వైపుది. కానీ తండ్రి ఉద్యోగం హైదరాబాద్‌లో, నిజామియా అబ్జర్వేటరీలో. ఒక్కడే కొడుకు. వేరే పిల్లలు నాన్న ఆఫీసుకి పోతే ఫైళ్లు, టేబుళ్లు చూస్తారు, ఈ పిల్లోడికి టెలిస్కోపులు కనిపించాయి.

ఆ నిజామియా కథ కొంచెం చెప్పుకోవాలి. నిజాం కొలువులోని నవాబ్ జాఫర్ జంగ్‌కి ఆకాశం అంటే పిచ్చి. ఇంగ్లాండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించుకొని 1901లో ఫిసల్‌బండలో తన సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. ఆయన పోయాక ప్రభుత్వం దాన్ని తీసుకొని బేగంపేటకి మార్చింది. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. అప్పట్లో ప్రపంచంలోని పలు అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పొలాల్లా గట్లు వేసి పంచుకొని ఫోటోలు తీస్తున్నాయి, ప్రతి నక్షత్రం ఎక్కడుందో కొలిచి పట్టిక వేయడానికి. హైదరాబాద్ వాటాకి వచ్చిన పట్టీలో మనవాళ్ళు కొలిచిన నక్షత్రాలు ఏడున్నర లక్షలకు పైనే. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. గాజు ప్లేటు, భూతద్దం, నోట్‌బుక్కు. ఆ పాత డోమ్ ఇప్పటికీ బేగంపేటలో ఉంది. జావా కోచింగ్ అని అమీర్‌పేట పోయే మనం దాని పక్క నుంచే పోతున్నాం.

బప్పు స్కూలు, కాలేజీ చదువంతా హైదరాబాద్‌లోనే. క్రికెట్ ఆడేవాడు, డిబేట్లలో మాట్లాడేవాడు, ఉర్దూ కవిత్వం అంటే ఇష్టం. మొత్తానికి పుస్తకాల పురుగు టైపు కాదు. రాత్రయితే మాత్రం నక్షత్రాల వెలుగు పెరగడం, తగ్గడం రాసుకుంటూ కూర్చునేవాడు. కొన్ని నక్షత్రాలు నెలల తరబడి నెమ్మదిగా మెరుస్తూ మసకబారుతూ ఉంటాయి. అలాంటి వాటిని కంటితో చూసి అంచనా వేసేటప్పుడు, నక్షత్రం రంగు మన కంటిని ఎలా మోసం చేస్తుంది అనే దాని మీద 1946లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేశాడు. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు. ఇప్పుడు నా వయసు కూడా అంతే. నేను కిలోమీటర్లు మీటర్లు చేయడం మర్చిపోయిన వయసులో ఆయన తన కంటి తప్పుని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. ఇది చదివినప్పుడు కాసేపు ల్యాప్‌టాప్ మూసేసిన.

తర్వాత మద్రాసు యూనివర్సిటీ నుంచి ఫిజిక్స్ ఎమ్మెస్సీ. పైచదువుకి ఎక్కడికి పోవాలి? దేశంలో ఆస్ట్రానమీలో పీహెచ్‌డీ చేయించే చోట్లు లేనట్టే లెక్క. అప్పుడు హార్వర్డ్ అబ్జర్వేటరీ డైరెక్టర్ హార్లో షాప్లీ హైదరాబాద్ వచ్చాడు. మన గెలాక్సీ మధ్యభాగం ఎక్కడుందో మొదట సరిగ్గా చూపించిన మనిషి ఆయన. కుర్రాడు పోయి కలిశాడు. ఆ పరిచయంతో దారి దొరికింది, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద 1949లో హార్వర్డ్ చేరాడు.

చేరిన కొన్ని నెలలకే, 1949 జులై 2 రాత్రి తీసిన ఒక ఫోటో ప్లేటుని కడిగి చూస్తే అందులో ఉండకూడని గీత ఒకటి కనిపించింది. కొత్త తోకచుక్క! ప్రొఫెసర్ బార్ట్ బోక్, తోటి స్టూడెంట్ గోర్డన్ న్యూకిర్క్ కలిసి దాన్ని నిర్ధారించారు, అందుకే దాని పేరు బప్పు-బోక్-న్యూకిర్క్ తోకచుక్క. దానికి ఆయనకి ఒక మెడల్ కూడా వచ్చింది. అది మళ్ళీ సూర్యుడి దగ్గరికి రావడానికి వేల ఏళ్లు పడుతుంది కాబట్టి మనమెవరం చూడం. తోకచుక్క దొరకడం కొంత అదృష్టం. నాకు ఆయన కథలో దానికన్నా ఇష్టమైంది తర్వాతి భాగం.

1952లో పీహెచ్‌డీ పూర్తయ్యాక కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియా వెళ్ళాడు. మౌంట్ విల్సన్, పాలోమార్ అబ్జర్వేటరీలు ఉన్న చోటు. అప్పుడు ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దదైన 200 అంగుళాల టెలిస్కోపు పాలోమార్‌దే. అక్కడ ఓలిన్ విల్సన్ అనే ఆయన చల్లటి నక్షత్రాల వెలుగుని ప్రిజంలా విడదీసి తీసిన ఫోటోలు పోగేస్తున్నాడు. అలా విడదీస్తే ఇంద్రధనుస్సు మీద నల్లగీతలు వస్తాయని ఇంటర్‌లో చదివాం. ఊదారంగు చివర, 393 నానోమీటర్ల దగ్గర కాల్షియం వల్ల వచ్చే వెడల్పాటి నల్లగీత ఉంటుంది, దాని పేరు కె గీత. చల్లటి నక్షత్రాల్లో ఆ నల్లగీత నట్టనడుమ మళ్ళీ సన్నటి తెల్లటి మెరుపు ఒకటి కనిపిస్తుంది. నల్ల చీరకి మధ్యలో జరీ పోగు లాగ.

విల్సన్, బప్పు ఆ జరీ పోగు వెడల్పు కొలిచారు. ఒకటి కాదు రెండు కాదు, 185 నక్షత్రాలకి. కొలిచి, ఒక్కో నక్షత్రం నిజంగా ఎంత వెలుగు ఇస్తుందో దానితో పోల్చి గ్రాఫ్ వేస్తే అన్నీ ఒక సరళరేఖ మీద పడ్డాయి. పోగు వెడల్పుగా ఉంటే నక్షత్రం ప్రకాశం ఎక్కువ, సన్నగా ఉంటే తక్కువ. గ్రాఫ్ మీద ఈ చివరి నక్షత్రానికీ ఆ చివరి నక్షత్రానికీ ప్రకాశంలో పది లక్షల రెట్ల తేడా. వెడల్పులో తేడా మాత్రం సుమారు పది రెట్లే. అంత సన్నటి కొలతలో అంత పెద్ద సంగతి దాగుంది. 1957లో పేపర్ వచ్చింది. అప్పటి నుంచి దాన్ని విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటున్నారు.

ఇది ఎందుకు గొప్పో బాపమ్మకి ఎలా చెప్పానంటే: రాత్రిపూట మెయిన్ రోడ్డు మీద దూరంగా ఒక లైటు కనిపిస్తుంది. అది దగ్గర్లో ఉన్న బైకా, దూరంగా ఉన్న లారీనా? లైటు చూసి చెప్పలేం. కానీ ఇంజిన్ చప్పుడు వినబడితే లారీ అని తెలిసిపోతుంది. లారీ లైటు అసలు ఎంత ఉంటుందో మనకు తెలుసు, ఇక్కడికి ఇంత మసకగా కనిపిస్తుందంటే ఇంత దూరంలో ఉంది అని లెక్క కట్టొచ్చు. కె గీత నడుమ ఉన్న పోగు ఆ ఇంజిన్ చప్పుడు లాంటిది. ఆ రోజుల్లో దగ్గరి నక్షత్రాలకి తప్ప నేరుగా దూరం కొలిచే దారి లేదు. బాపమ్మ అంతా విని, మరి చప్పుడుకి వెలుగుకి సంబంధం ఏంది అని అడిగింది. మంచి ప్రశ్నే. పేపర్ వచ్చినప్పుడు దానికి ఒప్పుకోదగ్గ జవాబు ఎవరి దగ్గరా లేదు. పెద్దగా ఉబ్బిన నక్షత్రాల ఉపరితలం మీద గురుత్వాకర్షణ తక్కువ, దాంతో వాటి పై పొరల తీరు మారి గీత వెడల్పవుతుందనే వివరణ చాలా ఏళ్ల తర్వాత కుదిరింది.

ఆయన జీవితమంతా పట్టుకున్న ఇంకో సబ్జెక్ట్ ఉంది, వుల్ఫ్-రాయే నక్షత్రాలు. ఇవి మామూలువి కాదు. పై పొరలని సెకనుకు వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల వేగంతో బయటికి ఊదేస్తుంటాయి. అందుకే వాటి గీతలు సన్నగా ఉండవు, గుట్టల్లా పరుచుకొని ఉంటాయి. మనవైపు వచ్చే గాలి వెలుగు నీలం వైపు జరుగుతుంది, అవతలికి పోయేది ఎరుపు వైపు. స్టేషన్లో ఆగకుండా పోయే రైలు హారన్ మారినట్టు. రెండూ కలిసి గీతని సాగదీస్తాయి. అంటే ఇక్కడ వెడల్పు అంటే వేగం. ఇలాంటి బరువైన నక్షత్రాలు చివరికి సూపర్‌నోవాలుగా పేలతాయని ఇప్పుడు అనుకుంటున్నారు. సూపర్‌నోవా శక్తి లెక్కకి కావాల్సిన మొదటి పాఠం ఇదే. నేను మొదట విల్సన్-బప్పు వెడల్పు, ఈ వెడల్పు ఒకటే అనుకొని చాలాసేపు పరేషాన్ అయిన. కాదు. చూడ్డానికి రెండూ గీతలే, వెడల్పు రావడానికి కారణం వేరు, చదివే పద్ధతి వేరు.

పాలోమార్‌లో పని చేసి, పేరు తెచ్చుకున్న పాతికేళ్ల కుర్రాడు ఏం చేస్తాడు? మన సీనియర్లని చూస్తున్నాం కదా. ఆయన మాత్రం 1953లో వెనక్కి వచ్చేశాడు. వచ్చేసరికి ఇక్కడ ఆయన కోసం ఏ టెలిస్కోపూ ఎదురుచూడ్డం లేదు, వెంటనే ఉద్యోగం కూడా దొరకలేదు. 1954 చివర్లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కొత్తగా పెట్టిన అబ్జర్వేటరీకి తీసుకున్నారు. అది అప్పుడు వారణాసిలో ఉంది. గంగ ఒడ్డున దుమ్ము, మంచు, ఊరి దీపాలు. అక్కడ నుంచి దాన్ని కొండల మీదికి, నైనీతాల్‌కి మార్పించాడు. విల్సన్‌తో చేసిన పేపర్ అచ్చయ్యేటప్పటికి ఈయన నైనీతాల్‌లో సంస్థని నిలబెట్టే పనిలో ఉన్నాడు.

1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టర్ అయ్యాడు. ముప్పై మూడేళ్లు కూడా నిండలేదు. కొడైకెనాల్ సూర్యుడిని చూడ్డానికి పేరున్న చోటు, అప్పుడు వాతావరణ శాఖ కింద ఉండేది. రాత్రిపూట నక్షత్రాలు చూడ్డానికి అక్కడ మబ్బులు ఎక్కువ. కొత్త చోటు కావాలి. ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం పెరిగింది, ఎందుకంటే ఆయన చోటు వెతికిన తీరులో లెక్క ఉంది.

ఉత్తరాన ఎంత దూరం పోతే దక్షిణ ఆకాశం అంత మునిగిపోతుంది. అప్పట్లో పెద్ద టెలిస్కోపులు దాదాపు అన్నీ అమెరికాలో, యూరప్‌లో, అంటే బాగా ఉత్తరాన. దక్షిణ ఆకాశంలో మన గెలాక్సీ నడిబొడ్డు ఉంది, మెగెల్లానిక్ మేఘాలనే రెండు చిన్న గెలాక్సీలు ఉన్నాయి. పాలోమార్‌లో ఎంత పెద్ద అద్దం ఉన్నా ఆ మేఘాలు అక్కడ ఉదయించనే ఉదయించవు. నైనీతాల్‌లోనూ అంతే. మరి మన దేశం దక్షిణపు కొస భూమధ్యరేఖకి దగ్గర. జవ్వాది కొండల్లో, గంధపు చెట్ల అడవి నడుమ, పన్నెండున్నర డిగ్రీల అక్షాంశం మీద కావలూరు దొరికింది. 1960ల చివర్లో అక్కడ పని మొదలైంది. మొదటి టెలిస్కోపు 38 సెంటీమీటర్లది, తమ వర్క్‌షాపులోనే తయారు చేసుకున్నది. 1971లో సంస్థ వాతావరణ శాఖ నుంచి విడిపోయి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అయ్యింది. 1972లో జర్మనీ నుంచి ఒక మీటరు జైస్ టెలిస్కోపు వచ్చింది. అదే ఏడాది జూన్ 7న గురుగ్రహపు చందమామ గానిమీడ్ ఒక నక్షత్రాన్ని మూసినప్పుడు, దానికి పల్చటి వాతావరణం ఉందనే సూచన ఈ టెలిస్కోపులో కనిపించింది. 1977లో యురేనస్ చుట్టూ వలయాలు బయటపడ్డ రాత్రి కూడా కావలూరు చూస్తూనే ఉంది. అవార్డుల లిస్ట్ వికీపీడియాలో ఉంటుంది, భట్నాగర్, పద్మభూషణ్ అన్నీ ఉన్నాయి, నేను రాయను.

ఇదే కాలంలో మన దగ్గర కూడా ఒక పెద్ద టెలిస్కోపు వచ్చింది, చెప్పకుండా పోలేను. బేగంపేట చుట్టూ సిటీ పెరిగి దీపాలు ఎక్కువయ్యేసరికి ఉస్మానియా వాళ్ళు 48 అంగుళాల టెలిస్కోపుని రంగారెడ్డి జిల్లాలో జపాల్-రంగాపూర్ దగ్గర పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ ఆ అబ్జర్వేటరీ మీదుగానే పోయింది. ఆ రోజు బాపమ్మకి గుర్తుంది. మా ఊళ్ళో తలుపులు మూసుకొని కూర్చున్నారట, కడుపుతో ఉన్నోళ్లని కదలనివ్వలేదట. జపాల్‌లో ఏమో సైంటిస్టులు ఆ కొన్ని నిమిషాల కోసం ఏళ్ల తరబడి రెడీ అయ్యారు.

బప్పుకి ఒక కోరిక ఉండేది. పెద్ద టెలిస్కోపుని కొనకుండా మనమే తయారు చేయాలి. 2.34 మీటర్ల అద్దం. గాజు దిమ్మ బయటి నుంచి తెచ్చినా, దాన్ని అరగదీసి, పాలిష్ పట్టి, మోయడానికి ఉక్కు కట్టడం చేసి, డోమ్ కట్టడం అంతా ఇక్కడే. అద్దాన్ని అరగదీయడం అంటే ఒక్క రోజు పని కాదు, వెలుగు అలలో చిన్న భాగమంత తేడా లేకుండా ఏళ్ల తరబడి రుద్దాలి. మధ్యలో ఎక్కువ రుద్దితే అండూ ఉండదు. ఆ పని నడుస్తుండగానే 1979లో ఆయన్ని అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయన. 1982 ఆగస్టులో గ్రీసులోని పాట్రాస్‌లో సంఘం సభ జరగాలి, అధ్యక్షుడు ఆయనే. పోలేకపోయాడు. మ్యూనిక్‌లో గుండె ఆపరేషన్ జరిగింది, తర్వాత ఆగస్టు 19న అక్కడే చనిపోయాడు. యాభై ఐదేళ్లు.

టెలిస్కోపు అప్పటికి పూర్తి కాలేదు. మిగిలిన వాళ్ళు పూర్తి చేశారు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ వచ్చి దానికి వైను బప్పు టెలిస్కోపు అని పేరు పెట్టాడు. చరిత్ర ఇక్కడితో ఆగితే అది ఇంకో గొప్ప మనిషి, ఇంకో నామకరణం. కానీ ఏడాది తిరిగాక ఒకటి జరిగింది.

1987 ఫిబ్రవరి 23న పెద్ద మెగెల్లానిక్ మేఘంలో ఒక నీలి నక్షత్రం పేలింది. మన నుంచి సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరం. దాదాపు నాలుగు వందల ఏళ్లలో మామూలు కంటికి అంత బాగా కనిపించిన సూపర్‌నోవా అదొక్కటే. ప్రపంచంలో ఉత్తరాన ఉన్న పెద్ద టెలిస్కోపులకి అది కనబడనే లేదు. కావలూరు నుంచి? అక్కడ ఆ చోటు ఆకాశంలో ఎక్కువలో ఎక్కువ ఎనిమిది డిగ్రీల ఎత్తుకి వస్తుంది. చెయ్యి చాపి పిడికిలి పెడితే పది డిగ్రీలు, అంతకన్నా కొంచెం తక్కువ. అంత కిందికి వంచితే టెలిస్కోపు బోలెడంత గాలి మందం గుండా చూడాలి, వెలుగు వణుకుతుంది, ఎర్రబడుతుంది. అయినా కావలూరు వాళ్ళు చూశారు, గీతలు విడదీసి తీశారు, పేపర్ రాశారు. ఆయన చోటు వెతికేటప్పుడు దక్షిణం, దక్షిణం అని పట్టుబట్టకపోతే ఆ ఎనిమిది డిగ్రీలు ఉండేవి కావు.

ఇప్పుడు నా ప్రాజెక్ట్ దగ్గరికి వస్తా. పేలుడు శక్తిని కొలవడానికి థర్మామీటర్ ఏదీ లేదు. పేలిన ముక్కలు ఎంత బరువు, ఎంత వేగంతో పోతున్నాయి అనే రెండు తెలిస్తే కైనెటిక్ ఎనర్జీ వస్తుంది, సగం ఇంటూ ద్రవ్యరాశి ఇంటూ వేగం స్క్వేర్. మనం స్కూల్ నుంచి చేస్తున్న లెక్కే. వేగం గీతల నుంచి వస్తుంది, వుల్ఫ్-రాయే నక్షత్రాల దగ్గర చెప్పినట్టే. మొదటి రోజుల్లో హైడ్రోజన్ గీత చూస్తే సెకనుకు 15 వేల కిలోమీటర్లకి పైనే వచ్చింది. ఆ నెంబరే పెట్టేస్తే జవాబు పాతిక రెట్లు ఎక్కువొస్తుంది. ఎందుకంటే ముందు కనిపించేది బయటి పల్చటి పొర, తేలిగ్గా ఉంటుంది కాబట్టి దూసుకుపోతుంది. అసలు బరువంతా లోపల నెమ్మదిగా వస్తుంటుంది, సగటున సెకనుకు 3 వేల కిలోమీటర్ల చొప్పున.

మరి బరువు? అది వెలుగు ఎన్నాళ్లకి బయటపడింది అనే దాన్నుంచి. ధర్మపురి జాతరలో గుంపు మధ్యలో ఇరుక్కున్న పిల్లోడిని ఊహించండి. గుంపు పెద్దదైతే బయటికి రావడానికి ఎక్కువ సేపు. గుంపు తొందరగా చెదిరిపోతే తక్కువ సేపు. పేలుడు లోపల పుట్టిన వెలుగు కూడా శకలాల మధ్య అలాగే తోసుకుంటూ వస్తుంది. ఆలస్యంగా వచ్చిందంటే గుంపు పెద్దదైనా అయ్యుండాలి, నెమ్మదిగా చెదురుతున్నదైనా అయ్యుండాలి. వెలుగు ఒక్కటే చూస్తే ఏదో తేల్చలేం. జనం నడిచే వేగం తెలిస్తేనే గుంపు సైజు తేలుతుంది. ఆ వేగం ఇచ్చేది గీత. ఈ సూపర్‌నోవా వెలుగు గరిష్ఠానికి రావడానికి సుమారు మూడు నెలలు పట్టింది. రెండూ కలిపి లెక్కేస్తే పేలిన పదార్థం సుమారు 14 సూర్యుళ్ల బరువు. అప్పుడు శక్తి 1 పక్కన 44 సున్నాలు, అంతకన్నా కొంచెం ఎక్కువ జౌళ్లు. మన సూర్యుడు పుట్టిన దగ్గర్నుంచి చనిపోయేదాకా, వెయ్యి కోట్ల ఏళ్లు ఇచ్చే వెలుగంతా కలిపితే దాదాపు అంత.

ఇందులో టెలిస్కోపులకి వెలుగుగా కనిపించింది నూటికి ఒక వంతు. ఇంకో విచిత్రం, మొత్తం పేలుడు శక్తిలో 99 శాతం న్యూట్రినోలుగా వెళ్ళిపోయింది. అవి భూమిని కూడా దాటిపోయాయి. జపాన్, అమెరికా, రష్యాల్లో భూమి లోపల పెట్టిన డిటెక్టర్లు అన్నీ కలిపి పట్టింది పాతిక న్యూట్రినోలని. ఆ పాతికతోనే ఆ 99 శాతం లెక్క తేలింది. నా లాంటి వాడు శాంపిల్ సైజు చాలదు అని ల్యాబ్‌లో గొడవ పడేవాడు.

ఇదంతా రాసుకుంటుంటే బాపు వచ్చాడు, కాళ్లకి బురద ఆరలేదు. ఏం చదువుతున్నవ్ అని అడిగితే చెప్పిన. ఆయన సూపర్‌నోవా గురించి ఏం అడగలే. ఆ మనిషి అంత పెద్ద టెలిస్కోపు వదిలి ఎందుకొచ్చిండు, జీతం ఇక్కడ ఎక్కువనా అని అడిగిండు. తక్కువే అయ్యుంటది అన్న. బాపు కాసేపు ఊకుండి, థర్డ్ ఇయర్‌లో కంపెనీలు ఎప్పుడొస్తయో కనుక్కున్నడు. పోయిన ఏడు పసుపు రేటు ఎంత ఉందో, మా ఇంట్లో ఫీజు ఎలా కట్టారో నాకు తెలుసు. డిగ్రీ అయ్యాక ఆస్ట్రోఫిజిక్స్ ఎంట్రెన్స్ ఒకటి రాద్దామని ఉంది అనే మాట నోటి దాకా వచ్చింది. ఆ రాత్రి చెప్పలే. రెండు రోజులయ్యాక, ఎడ్లకొట్టం దగ్గర నీళ్లు పడుతుంటే చెప్పిన. రాయి, రాస్తే ఏం పోయింది, కంపెనీల పరీక్షలు కూడా రాయి అన్నడు. ప్రస్తుతానికి అక్కడే ఆగింది.

చివరగా ఒక చిన్న లెక్క చేసిన. వెల్గటూర్ దాదాపు 19 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఆ సూపర్‌నోవా చోటు మా డాబా మీద నుంచి గరిష్ఠంగా రెండు డిగ్రీలు కూడా లేవదు. జనవరిలో రాత్రి పది దాటాక నేరుగా దక్షిణాన ఉంటుంది. గోదావరి మాకు ఉత్తరాన, అటువైపు ఆకాశం ఖాళీ. దక్షిణాన మాత్రం కరెంటు స్తంభాలు, వేప చెట్లు, ఒక ఇంటి వాటర్ ట్యాంకు. బాపమ్మ కూడా దుప్పటి కప్పుకొని పైకొచ్చింది. ఎక్కడరా అన్నది. ఆ ట్యాంకు వెనక అన్న. ట్యాంకు వైపు చూస్తూ కాసేపు నిలబడి, చలి పెడుతుందని కిందికి పోయింది.